వంతు ఫోను

తెల్లవారుజామున మసీదులో బాంగు మొదలైన వేళకే ఆకాశం చినుకులు రాల్చింది. ఫాల్గుణం ఆఖర్న ఆ సీమలో వానను ఎవరూ తలవరు. పడమటి నుంచి, జమ్మలమడుగు మీదుగా ఒక్క మబ్బు ఒంటరిగా వచ్చి, ప్రొద్దుటూరు మిద్దెల మీద దుమ్ము అణిగేంత కురిసి, తన దారిన తాను పోయింది. ఎండ పొడిచేసరికి వాన పడిన గుర్తే లేదు. మిద్దె మీద పడుకున్న ఓబులేసు పరుపు తడిసింది కాబట్టి అతనికి మాత్రం గుర్తుండిపోయింది.

ఎనిమిది గంటలకు అతను మొయిన్ గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఓబులేసుకు యాభై దాటాయి. పోలీసు ఉద్యోగం సగంలో వదిలేసి సొంతంగా దర్యాప్తులు చేసుకుంటున్నాడు. ఎదుటివాళ్లు ఎక్కువ మాట్లాడేలా తాను తక్కువ మాట్లాడడం అతని పద్ధతి. నిన్న సాయంత్రం బట్టలు కుట్టే అఖ్తర్ బీ అతని ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, ఒకటే మాట చెప్పింది: "నా బిడ్డ యాడుండాడో చెప్పన్నా. పోలీసోళ్ళు దొంగ అంటాండారు. దొంగయినా సరే, బతికుండాడా లేదా చెప్పు."

ఆమె కొడుకు మొయిన్. చిన్న చిన్న దుకాణాలకు, బడులకు వెబ్‌సైట్లు చేసి ఇస్తాడు. శుక్రవారం సాయంత్రం నుంచి కనిపించడం లేదు. ఇవాళ మంగళవారం.

గది మిద్దె మీద ఉంది. వీధిలోంచి నేరుగా ఇనుప మెట్లున్నాయి. కింద కుట్టుమిషను ముందు కూర్చున్న అఖ్తర్ బీకి తెలియకుండా ఎవరైనా ఎక్కి రావచ్చు. లోపల కంప్యూటరు ముందు సైబర్ విభాగం ఎస్సై వర్షిత అప్పటికే కూర్చుని ఉంది. తెనాలి పిల్ల. ఈ జిల్లాకు వచ్చి ఏడాది కాలేదు.

"మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?" అంది తల తిప్పకుండానే.

"ఇల్లు ఈయమ్మది మేడం. ఈయమ్మ రమ్మన్యాది."

"ఓబులేసు గారూ, ఇది గొర్రెలు తప్పిపోయిన కేసు కాదు. ఇక్కడ అడుగుజాడలుండవు. వెనక్కి వెళ్లి నిలబడండి."

ఓబులేసు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. అక్కడి నుంచి కూడా అన్నీ కనిపిస్తున్నాయి.

"ఏం తెలిసింది మేడం?"

"తెలియాల్సిందంతా తెలిసింది." ఆమె కుర్చీ తిప్పింది. "శుక్రవారం సాయంత్రం ఆరూ నలభైకి, ఈ కంప్యూటర్ నుంచే, మొయిన్ పాస్‌వర్డ్‌తోనే, ఎర్రకొట్టాల సైటు మొత్తం చెరిపేశారు. ఎర్రకొట్టాల అంటే తెలుసుగా?"

తెలుసు. రిజర్వాయరు నీళ్ల కింద మునిగిపోయిన ఊరు. ఊరు ఖాళీ చేసేముందు జనం తమ తమ ఇళ్ల ముందు నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. మొయిన్ వాటిని ఒక వెబ్‌సైటులో పెట్టాడు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా. లేని ఇళ్లకు కూడా ఎవరో పరిహారం రాయించుకున్నారని ఇప్పుడు ఫిర్యాదు వచ్చింది. ఉగాది తర్వాత విచారణ. ఏ ఇల్లు ఉంది, ఏది లేదు అని చూపించడానికి ఆ ఫోటోలు తప్ప మరో దిక్కు లేదు.

"ఎవడో డబ్బిచ్చాడు. ఇతను చెరిపేసి పారిపోయాడు. రేపు పొద్దున పేపర్లో ఇతని ఫోటో వేయిస్తున్నాను."

"ఆరూ నలభైకి నా బిడ్డ మసీదులో ఉండాడు మేడం," అంది గుమ్మంలోంచి అఖ్తర్ బీ. "రంజాను ఒక్కపొద్దు ఇడిసే యాళకు ఎవురన్నా కంప్యూటర్ కాడ కూచుంటారా?"

"మసీదులో వందమంది ఉంటారమ్మా. అంత ఆకలి మీద ఎవరు ఎవరి ముఖం చూస్తారు?" వర్షిత గొంతులో కాఠిన్యం లేదు. చెప్పాల్సింది చెబుతోంది, అంతే. బల్ల మీద ఉన్న ప్లాస్టిక్ కవరు ఎత్తి చూపించింది. లోపల మీటలున్న పాత చిన్న ఫోను. "సైటు చెరపాలంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ ఈ ఫోనుకే వస్తుంది. ఇది ఈ స్పీకర్ వెనక దొరికింది. దొరికిన సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా దీనికి ఏమైనా పంపుతారేమోనని ఆన్‌లోనే ఉంచుతున్నాను."

"ఈ ఫోను మొయిన్‌దేనా?"

"ఒక్కరిది కాదన్నా అది," అంది అఖ్తర్ బీ. "వంతు ఫోను."

ఆమె తనకు తెలిసినంత చెప్పింది. మిగతాది ఓబులేసు ఊహించుకున్నాడు. వెబ్‌సైటు చేయించుకున్నవాళ్లు ఇల్లు కట్టించుకున్నట్టే అనుకుంటారు, ఒకసారి దుడ్లిస్తే ఇక అది తమదేనని. అది నిలబడిన చోటుకు ఏటా బాడుగ ఉంటుందని, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరుకు ఏటా లైసెన్సు కొనాలని చెబితే, "మొదట్లో ఈ మాట యాల చెప్పలేదు?" అని తగులుకుంటారు. ఆ బాడుగ చివరికి చేసినవాడి నెత్తిన పడుతుంది. ఒంటిగా మోయలేక ముగ్గురు కలిశారు: ప్రొద్దుటూరులో మొయిన్, జమ్మలమడుగులో సుధీర్, పులివెందులలో పవన్. మొయిన్ పేరు మీద ఒకే హోస్టింగు, ఒకే లైసెన్సు. ఉమ్మడి బోరుకు వంతులు పెట్టుకున్నట్టే దీనికీ పెట్టుకున్నారు. ఉగాది నుంచి ఉగాది దాకా ఒకరి వంతు. వంతున్నవాడు ఆ ఏటి ఖర్చు భరిస్తాడు, చిన్న ఫోను వాడి దగ్గరుంటుంది. మిగతా ఇద్దరికి ఓటీపీ కావాలంటే వాడికి ఫోన్ చేసి అడగాలి. పాస్‌వర్డులు ముగ్గురివీ ముగ్గురికీ తెలుసు. అన్నదమ్ముల మధ్య బీరువా తాళం దాచుకోవడం ఏమిటన్నట్టు.

"ఈ యేడు వంతు ఎవురిది?"

"పులివెందుల పవన్‌ది. ఎల్లుండి ఉగాదికి సుధీర్‌కు పోవల్ల."

వర్షిత నవ్వింది. "పవన్‌ని అడిగాం. చేతిలో డబ్బులాడక, శివరాత్రికే ఫోను మొయిన్‌కి అప్పగించేశానన్నాడు. దాని మీదే గొడవ కూడా అయిందట. కాల్ రికార్డు తెప్పించాను. శివరాత్రి తర్వాత ఇద్దరి మధ్య ఒక్క కాల్ లేదు, ఒక్క మెసేజ్ లేదు."

"ఒక్కటీ లేదా?"

"ఒక్కటీ లేదు."

ఓబులేసు కొంచెంసేపు ఆ కవరు వంక చూశాడు. "సైటు శుక్రవారమే పోయిందా మేడం? అంతకుముందు బాగానే ఉండ్యనా?"

ప్రశ్న సరైనదని ఒప్పుకుంటున్నట్టు వర్షిత కంప్యూటరు వైపు తిరిగింది. "లేదు. ఫోటోలు తెరుచుకోవడం ముందు వారమే ఆగిపోయింది. వీళ్ల లైసెన్సు ఐదు సైట్లకే. ఆరోది ఎక్కాలంటే ఒకటి దిగాలి. ఎర్రకొట్టాల సైటుని దింపేసి, పులివెందుల ఫంక్షన్ హాలు సైటు ఒకటి ఎక్కించారు."

"దింపేదానికి గూడా ఓటీపీ కావల్నా?"

"అన్నింటికీ కావాలి."

"చెరిపింది మళ్లీ తెచ్చుకునే దారి లేదా?"

"ఉంది. ఖాతా గడువున్నంత కాలం చెరిపిన ఫైళ్లు కంపెనీ చెత్తబుట్టలో ఉంటాయి. గడువు ఎల్లుండి. నేను ముట్టుకుంటే కోర్టులో సాక్ష్యం చెల్లదంటారు. కంపెనీకి నోటీసు పంపాను, జవాబుకి పది రోజులంటున్నారు. ఖాతాదారుడే వచ్చి గడువు పెంచి వెనక్కి తెచ్చుకోవాలి. ఖాతాదారుడేమో పరారీ."

"అయితే అడుగుజాడలు రెండుండాయి మేడం."

"ఏవి?"

"సాయంత్రం చెప్తా."

"నాకు పొడుపుకథలు ఇష్టముండవు," అంది వర్షిత. అతను అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

పులివెందులలో ఆ ఫంక్షన్ హాలు కొత్తది. రంగు వాసన ఇంకా పోలేదు. గేటు మీద యజమాని నారాయణ నిలువెత్తు బొమ్మ, చేతులు జోడించి. పవన్ లోపల వంటశాల పక్క అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై లోపు వయసు, నవ్వు ముఖం.

"ఏమప్పా డిటెక్టివూ! మా ఊర్లో సంబంధం చూసేకి వచ్చినావా?"

"సంబంధం కుదిరితే హాలు కావల్ల గదా. చూసిపోదామని."

పవన్ పెద్దగా నవ్వి టీ తెప్పించాడు. ఓబులేసు గ్లాసు చేతిలో పట్టుకుని హాలంతా కలియజూశాడు.

"హాలు సైటు గూడా చూసినా. బాగుండాది. యాడ చేయించినారు, హైదరాబాదులోనా?"

"యాడి హైదరాబాదప్పా! నేనే. ఇదే అరుగు మీద కూచోని చేసినా. నారాయణ మామ అయ్యవారితో ముహూర్తం పెట్టించినాడు. ఆ యాళకు కొబ్బరికాయ కొడ్తానే సైటు తెరుచుకోవల్ల అన్యాడు. తెరుచుకున్యాది!"

"ఎవురి సాయమూ లేకుండానా?"

"ఎవురు చేస్తారు సాయం? సుధీర్‌కు ఇట్లాంటి పని చేతకాదు. మొయిన్ గాడు శివరాత్రి కాడ్నించీ నాతో మాట్లాడితే గదా. నేనూ ఫోన్ చెయ్యలే. వానికే అంత ఉంటే నాకెంతుండల్ల?"

"లైసెన్సులూ అవీ శానా రేటంట గదప్పా. మీ మామ కొత్తది కొనిచ్చినాడా?"

"మామ ఇచ్చింది ఆకుకు సున్నం గీసేకి చాలదు. దాంట్లో లైసెన్సు కొంటే నేనేం తినల్ల? ఉండేదాంట్లోనే సర్దినా." పవన్ ల్యాప్‌టాప్ మూత మీద తట్టాడు. "ఈ పనంతా సర్దుకునేదే అప్పా. ఎవుడో ఒక ఊరకే కూచున్నోన్ని లేపితే, దుడ్లిచ్చినోడు కూచుంటాడు."

ఓబులేసు టీ ఆఖరి గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. ఇక అడగాల్సింది లేదు. ఎర్రకొట్టాల సైటును లేపి ఈ హాలును కూర్చోబెట్టాలంటే ఓటీపీ కావాలి. ఫోను నిజంగా శివరాత్రికే మొయిన్ చేతికి పోయి ఉంటే, ముహూర్తం రోజున పవన్ మొయిన్‌నే అడగాలి. అడగలేదని కాల్ రికార్డు చెబుతోంది, ఇప్పుడు పవనే స్వయంగా చెప్పాడు. అంటే ఆ రోజు ఫోను ఈ అరుగు మీదే ఉంది, మొయిన్ గదికి చేరింది ఆ తర్వాతే. కొత్త లైసెన్సు డబ్బు దగ్గర కక్కుర్తి పడకపోతే ఈ ముడి ఎవరికీ దొరికేది కాదు.

దొరికిన ముడి దొంగను పట్టివ్వదు. దొంగే కదలాలి. అబద్ధం చెప్పడం ఓబులేసుకు ఇష్టముండదు. తప్పనప్పుడు పొట్టిగా చెబుతాడు.

"పాపం, మొయిన్ వాళ్లమ్మ ఏడుస్తాండాది. ఏదో చిన్న ఫోనంట, కొడుకు గదిలో ఉండ్యదంట. పోలీసోళ్ళకు చూపిస్తే యాడ కేసవుతాదో అని బీరువాలో దాచిపెట్టుకున్యాది."

పవన్ నవ్వు ముఖం మీద అలాగే ఉంది, కళ్లలో మాత్రం లేదు. "పోలీసోళ్ళు తీసుకోలేదా?"

"వాళ్లకు దొరకలేదు. చెరిపిన ఫోటోలేమో కంపెనీ చెత్తబుట్టలో ఉండాయంట, ఉగాది దాకా. నాకివన్నీ అర్థం కావులేప్పా."

అతను లేచి బైకు దగ్గరకు నడిచాడు. గేటు దాటేటప్పుడు అద్దంలో చూశాడు. పవన్ అరుగు మీద లేడు. నారాయణ గది తలుపు మూసుకుంటోంది.

ముద్దనూరులో బైకు ఆపి రెండు ఫోన్లు చేశాడు. మొదటిది అఖ్తర్ బీకి. "ఇంటికి తాళమెయ్యి. జమ్మలమడుగు బస్సెక్కు. ఎందుకని అడగద్దు." ఆమె అడగలేదు.

రెండోది వర్షితకు. ఆమె అంతా వింది. తర్వాత అంది: "నేను దాచిన విషయాలన్నీ అనుమానితుడికి చేరవేశారు. మీ మీద కేసు పెట్టొచ్చు, తెలుసా?"

"పెట్టండి మేడం. ముందు ఆ ఫోను తీసుకోని జమ్మలమడుగుకు రండి. సుధీర్ ఇంటికి."

"సుధీర్‌ని నేనే అడిగాను. మొయిన్ రాలేదన్నాడు."

"నేను గూడా అడుగుదామని."

"నాకు ఆర్డర్లు వేయడం మీకు బాగా అలవాటయిపోయింది," అని ఫోను పెట్టేసింది.

సుధీర్ ఇల్లు జమ్మలమడుగు చివర, ఎర్రకొట్టాల వాళ్లకు కట్టిన కాలనీలో ఉంది. ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒక ఇంట్లో కుక్కరు కూత వేస్తే అటు నాలుగిళ్లకు, ఇటు నాలుగిళ్లకు వినిపిస్తుంది. ఓబులేసు అఖ్తర్ బీని బస్టాండులో కలుసుకుని ఆటోలో ఎక్కించుకుని వచ్చేసరికి ఎండ వాలుతోంది. ఆమెను వీధి మలుపులోనే ఉండమని తానొక్కడే వెళ్లాడు.

సుధీర్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "పోలీసులకు చెప్పినా గదన్నా. వాడు రాలే. ఫోన్ గూడా చెయ్యలే."

"సరేలే. కాళ్లు కడుక్కుంటా, రోంత నీళ్లిచ్చు."

నీళ్ల తొట్టి పెరట్లో ఉంది. ఓబులేసు ముఖం కడుక్కుంటూ చుట్టూ చూశాడు. గోడ వారగా మూడు రాళ్ల పొయ్యి, దాని పక్కన బోర్లించిన సంకటి తప్పేలా. పొయ్యిలో సగం కాలిన కంది పుల్లలు. బూడిద పైన చిన్న చిన్న గుంటలు, ఎవరో వేలి కొసతో పొడిచినట్టు. తప్పేలా అడుగున మసి చారలు చారలుగా కారి ఎండిపోయింది.

అతను వంగి ఒక పుల్లను విరిచాడు. లోపల బొగ్గు నల్లగా, కొత్తగా ఉంది.

సుధీర్ తల్లి తిరుపాలమ్మ వంటింటి గడప మీద నిలబడి చూస్తోంది.

"గ్యాసు లేదామ్మా?"

"ఉండాది నాయనా. ఈ పూట గ్యాసు మీదనే చేసినా."

"ఇది ఎప్పుడు ముట్టించినారు?"

"ఎప్పుడో... నిన్ననో, మొన్ననో."

"మొన్నటిదయితే ఈ బూడిద గాలికి లేచిపోయుండల్ల," అన్నాడు ఓబులేసు నెమ్మదిగా. "ఇది అప్పుడే కాలిన బూడిద మీద వాన పడితే అయ్యే గుంటలు. వాన పడింది ఈ పొద్దు బాంగు యాళకు. అంతకు ముందే నువ్వు లేచి, కుక్కరు కూతేస్తే పక్కింటోళ్లకు తెలుస్తాదని, ఈడ సంకటి కెలికినావు. తెల్లారుజామున నాలుగ్గంటలకు సంకటి తినేవాళ్లెవురుండారమ్మా మీ ఇంట్లో? నీ కొడుకు ఒక్కపొద్దుండాడా?"

తిరుపాలమ్మ కొడుకు వంక చూసింది. సుధీర్ నేల చూశాడు. ఆమె పెద్దగా నిట్టూర్చింది.

"నాలుగు దినాల్నించి వానికి చెప్తాండా, ఇది దాగదురా అని," అంది. "ఒరే అబ్బీ, బయటికి రా. ఈయప్ప పోలీసు మాదిరి లేడులే."

ధాన్యం సంచుల గది తలుపు తెరుచుకుంది. గడ్డం మాసి, సుధీర్ చొక్కా వేసుకుని, మొయిన్ బయటకు వచ్చాడు.

ఓబులేసు వెళ్లి అఖ్తర్ బీని పిలుచుకు వచ్చాడు. ఆమె కొడుకును చూసి ఏడవలేదు. దగ్గరకు పోయి, చెవి పట్టుకుని మెలిపెట్టి, అలాగే పట్టుకుని నిలబడింది.

"సహరీకి ఏం తిన్యావురా?"

"సంకటి, అమ్మీ."

"ఇంట్లో చేస్తే వద్దంటావు గదరా!"

ఆ తర్వాత ఏడ్చింది.

మొయిన్ చెప్పింది కొంచెమే. శుక్రవారం మసీదు నుంచి గదికి వస్తే కంప్యూటరు వేడిగా ఉంది, సైటు లేదు. కిందికి దిగేసరికి మెట్ల దగ్గర ఇద్దరు ముఖం తెలియని మనుషులు. ఉగాది అయ్యేదాకా ఊళ్లో కనిపించినా, ఎవరికి చెప్పినా, ఒంటరిగా ఉండే తల్లి సంగతి ఆలోచించుకోమన్నారు. అప్పటికప్పుడు బస్సెక్కాడు. వాళ్లను ఎవరు పంపారో అతనికి తెలియదు.

"ఫోటోలు వేరే యాడా పెట్టుకోలేదా?" అడిగాడు ఓబులేసు.

"బ్యాకప్‌కు వేరే కట్టల్లన్నా. ఎర్రకొట్టాలోళ్ల కాడ నేనెట్లా తీసుకునేది? ఈ యేడు కడ్తాం, వచ్చే యేడు కడ్తాం అనుకుంటా వచ్చినాం."

"మా ఇంటి ముందర తీసిన బొమ్మ గూడా అందులోనే ఉండ్య," అంది తిరుపాలమ్మ. "మా ఇంటి పక్కన కళ్లం. నేను పెండ్లయి వచ్చిన కాడ్నించీ కళ్లమే. ఆడ మూడంకణాల మిద్దె ఉండ్యదని రాయించుకున్యాడంట ఒగాయప్ప. ఆ బొమ్మలో నా ఎనకాల ఉట్టి నేల కనపడ్తాంటే మిద్దె యాడ్నించి వచ్చ?"

"ఎవురమ్మా ఆయప్ప?"

"పులివెందుల నారాయణ. ఫంక్షన్ హాలు కట్టినాడే, ఆయప్ప."

జీపు వచ్చి ఆగింది. వర్షిత లోపలికి వచ్చి, మొయిన్‌ను చూసి, గుమ్మంలోనే నిలిచిపోయింది. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"సరే," అంది. "గొర్రె దొరికింది. ఎలా?"

ఓబులేసు పొయ్యి చూపించాడు. ఆమె వంగి బూడిదను చూసింది. ఫోనులో ఫోటో తీసుకుంది. తర్వాత అతను హాలు సంగతి, ముహూర్తం సంగతి చెప్పాడు. ఆమె కళ్లు సన్నబడ్డాయి.

"కాల్ రికార్డు నా చేతిలోనే ఉంది," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. "లైసెన్సు తేదీ కూడా నేనే చెప్పాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు." అంతలోనే తల ఎత్తింది. "కానీ ఇది చాలదు. సుధీర్‌ని అడిగి ఓటీపీ తీసుకున్నాననొచ్చు. మరిచిపోయాను, ఫోను ముహూర్తం తర్వాతే ఇచ్చాననొచ్చు. వకీలు ఒక్క పూటలో కొట్టేయిస్తాడు. నేరం చేసింది మొయిన్ కాదని చూపించడానికి నా దగ్గర ఇప్పటికీ ఏమీ లేదు. పేపర్లో ఫోటో ఆపగలను, అరెస్టు ఆపలేను."

అఖ్తర్ బీ చెయ్యి కొడుకు భుజం మీద బిగుసుకుంది.

"రోంతసేపు కూచోండి మేడం," అన్నాడు ఓబులేసు. "పొద్దు గూకుతాండాది. అరెస్టు యాడికీ పోదు. వాడు పొద్దున్నుంచీ నీళ్లు గూడా ముట్టలేదు."

వర్షిత బూట్లు విప్పి, గోడకానుకుని చాప మీద కూర్చుంది. కవరును ముందర నేల మీద పెట్టింది. తిరుపాలమ్మ స్టీలు పళ్లాలు పరిచి, ఒక్కో పళ్లెంలో రెండేసి ఖర్జూరాలు పెట్టింది. సంకటి ముద్దలు, వేడి వేడి పప్పు, నూరిన చెనిక్కాయల ఊరుబిండి తెచ్చి మధ్యలో ఉంచింది.

దూరంగా బాంగు మొదలైంది. మొయిన్, అతని తల్లి పెదవులు కదిలించి ఖర్జూరం నోట్లో పెట్టుకున్నారు.

కవరులో ఫోను వెలిగింది.

వర్షిత వంగి చదివింది. పైకి చదవలేదు. కవరును ఓబులేసు వైపు తిప్పింది. చెరిపిన ఫైళ్లను శాశ్వతంగా తీసేయడానికి అడిగిన ఓటీపీ. ఆరు అంకెలు.

మొయిన్ రెండు చేతులూ పళ్లెం మీదే ఉన్నాయి. సుధీర్ చేతిలో నీళ్ల చెంబు ఉంది. ఆ ఓటీపీ అడిగింది ఈ గదిలో ఉన్న ఎవరూ కాదని ఎస్సై కళ్లారా చూస్తోంది.

అఖ్తర్ బీ సంచిలో ఆమె సొంత ఫోను మోగింది. తెర మీద పేరు చూసి ఆమె ఓబులేసు వంక చూసింది. అతను తల ఊపాడు. వర్షిత చెయ్యి చాపి స్పీకరు నొక్కి, తన ఫోనులో రికార్డు పెట్టింది.

"అమ్మా, బాగుండావా? నేను పవన్‌ని." గొంతు మెత్తగా, కొంచెం ఎగరొప్పుతూ ఉంది. "మొయిన్‌ను విడిపించే దారి దొరికిందమ్మా. నీ కాడ ఆ చిన్న ఫోనుంది గదా, బీరువాలో. దానికి ఇప్పుడే ఒక నెంబరు వచ్చింటాది. సదివి చెప్పు."

అఖ్తర్ బీ కవరులోని ఫోను వంక చూసింది.

"అమ్మా? సదివేకి రాదంటే ఫికర్ చెయ్యద్దు. మనవాళ్లు మీ వీధి చివర్లోనే ఉండారు. తలుపు తీస్తే వాళ్లే లోపలికొచ్చి చూసుకుంటారు."

వర్షిత అప్పటికే తన ఫోనులో ప్రొద్దుటూరు స్టేషనుకు వేళ్లతో టపటపా కొడుతోంది. ఇల్లు తాళం వేసి ఉంది. ఆ తాళం ఎంతసేపు ఆగుతుందో ఎవరికీ తెలియదు. బీరువాలో ఫోను లేదని తెలిశాక వాళ్లు ఎక్కడికి బయలుదేరుతారో, ఎవరి కోసం వెతుకుతారో కూడా తెలియదు.

అఖ్తర్ బీ ఫోనును నోటి దగ్గరకు తెచ్చుకుంది.

"ఒక్కపొద్దు ఇడుస్తాండాం నాయనా," అంది. "తిన్యాక చెప్తా."

ఫోను పెట్టేసి, చీర కొంగుతో తెర తుడిచి, సంచిలో వేసుకుంది. తిరుపాలమ్మ లేచి వీధి తలుపు గడియ వేసి వచ్చింది. వర్షిత పంపిన మెసేజ్‌కు జవాబు వచ్చింది. చూసి, తల ఊపి, ఫోను బోర్లా పెట్టింది. ప్రొద్దుటూరు స్టేషను జీపు అఖ్తర్ బీ ఇంటికి చేరేదాకా ఇక్కడ చేయగలిగింది ఏమీ లేదు. ఖాతాదారుడు పక్కనే ఉన్నాడు, ఫోటోలు తిన్నాక వెనక్కి తెచ్చుకోవచ్చు.

తిరుపాలమ్మ ఎస్సై పళ్లెంలో సంకటి ముద్ద పెట్టి, నడుమ గుంట చేసి, అందులో నెయ్యి పోసింది. వర్షిత ఇంతకుముందు సంకటి తినలేదు. ఓబులేసు తుంచి, పప్పులో అద్ది, నమలకుండా మింగడం చూసి, ఆమె కూడా అలాగే చేసింది.

కవరులో ఫోను మళ్లీ వెలిగింది. ఆరిపోయింది. మళ్లీ వెలిగింది. ఆరుగురూ తల వంచుకుని, పళ్లాలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.